నోరు లేని సినిమాలోనూ కులానికి నోరుంది

(గుడివాడలో జరిగిన దళిత కళాకారుల సమావేశంలో మా తరఫున చేసిన ప్రసంగం పాఠం)



మమ్మల్ని సినిమా గురించి మాట్లాడమన్నారు. గుడివాడలో సినిమా గురించి మాట్లాడడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. ఇక్కణ్ణుంచి బయలుదేరి చుట్టుపక్కల ఊళ్ళు ఒక చుట్టు చుట్టి రండి. నిమ్మకూరు నందమూరి తారక రామారావు గారిది. రామాపురం అక్కినేని నాగేశ్వరరావు గారిది. కవుతరం కైకాల సత్యనారాయణ గారిది. కాస్త కిందికి పోతే బందరు. తెలుగు సినిమాకు తండ్రి అని చెప్పుకునే రఘుపతి వెంకయ్య గారిది ఆ ఊరే. ప్రతి ఊరికీ ఒక నటుడున్నాడు, నటుడికి ఒక విగ్రహం కూడా ఉంటుంది.

బాగానే ఉంది. మరి ఈ ఊళ్ళన్నిటికీ పల్లెలున్నాయి గదా. మాలపల్లెలున్నాయి, మాదిగగూడేలున్నాయి. ఆ పల్లెల్లో డప్పు కొట్టేవాళ్ళున్నారు, భాగోతం ఆడేవాళ్ళున్నారు, నాట్లు వేస్తూ అలుపు లేకుండా పాడే ఆడవాళ్ళున్నారు. ఆ పల్లెల నుంచి తెర మీదికెక్కిన పేరొకటి చెప్పండి అని మన పిల్లలు అడిగితే మనం తల గోక్కుంటున్నాం.

ఎందుకిలా జరిగిందని పెద్దకులాల వాళ్ళనడిగితే మూడు జవాబులు చెప్తారు. మొదటిది: మీ మాట మోటు, మీ యాస సినిమాకు పనికిరాదు. రెండోది: మీకు చదువు లేదు, డైలాగు చదవలేరు. మూడోది పైకి అనరు, గొణుగుతారు: మీ రంగు తెరకు నప్పదు. మనలో కొందరు ఈ మాటల్ని నిజమనుకుని తల వంచుకున్నారు కూడా.

ఈ మూడు జవాబులూ నిజమా, సాకులా అని పరీక్ష పెట్టడానికి చరిత్రలో ఒక కాలం ఉంది. అదే మూగ సినిమాల కాలం. మన దేశంలో 1913లో దాదాసాహెబ్ ఫాల్కే తీసిన రాజా హరిశ్చంద్ర నుంచి 1931లో ఆలం ఆరా మాట్లాడేదాకా, ఇంకా రెండు మూడేళ్ళు అటూఇటూగా, సినిమాకు నోరు లేదు. ఇవ్వాళ మనం ఆ కాలం గురించి మాట్లాడుకుందాం.

మూగ సినిమా ఎట్లా ఉండేదో మన పిల్లలకు తెలీదు. బొమ్మ కదులుతుంది గానీ మాట వినపడదు. కెమెరా పిడి చేత్తో తిప్పుతూ సెకనుకు సుమారు 16 బొమ్మల చొప్పున తీసేవాళ్ళు. కథ అర్థం కావడానికి మధ్య మధ్య అక్షరాల అట్ట ఒకటి తెర మీద పడేది. చదువు రాని జనమే ఎక్కువ గనక తెర పక్కన ఒక మనిషి నిలబడి ఆ అక్షరాలు గట్టిగా చదివి కథ చెప్పేవాడు. హార్మోనియం, తబలా వాయించేవాళ్ళు తెర ముందు కూచునేవాళ్ళు. జేబులో డబ్బున్నవాడికి కుర్చీ, లేనివాడికి తెర మొహానికి ఆనుకుని నేల.

ఇప్పుడు చూడండి. మూగ సినిమాలో నటుడికి మాట అక్కర్లేదు. మోటు యాసయినా, బందరు యాసయినా వినపడేది లేదు. మొదటి జవాబు పోయింది.

డైలాగు లేదు గనక చదివి బట్టీ పట్టేది లేదు. పద్యనాటకం అయితే తిరుపతి వెంకట కవుల పద్యాలు కంఠతా రావాలి, రాగం తియ్యాలి. మూగ సినిమాకు అదీ అక్కర్లేదు. కళ్ళు, చేతులు, నడక, ఒళ్ళు. ఇంతే సరుకు. ఈ సరుకు మన పల్లెల్లో కావలసినంత ఉంది. డప్పు మీద చిందేసే మనిషికి ఒళ్ళే నోరు. రెండో జవాబూ పోయింది.

ఇక రంగు. ఆనాటి ఫిల్ముకు ఎరుపు కనపడేది కాదు. ఎర్రది ఏదైనా తెర మీద నల్లగా పడేది. పెదాలు, బుగ్గలు అన్నీ మసిబారినట్టు కనపడేవి. అందుకని ఎవరికైనా సరే, ఎంత తెల్లటివాళ్ళకైనా సరే మొహానికి దట్టంగా తెల్లటి పూత పూసేవాళ్ళు. పూత కింద అందరూ ఒకటే. మూడో జవాబుకూ దిక్కులేదు.

యాస అడ్డం లేదు, చదువు అడ్డం లేదు, రంగు అడ్డం లేదు. మరి మనవాళ్ళు తెర మీదికి రావాలి గదా? వచ్చారా? రాకపోతే అడ్డం పడింది ఏవిటి?

ముందు ఆ తెర మీద నిలబడింది ఎవరో చూద్దాం. రాజా హరిశ్చంద్రలో తారామతి వేషానికి ఫాల్కే ఆడమనిషి కోసం ఊరంతా వెతికాడు. కెమెరా ముందు నిలబడితే పరువు పోతుందని ఎవరూ రాలేదు. చివరికి బొంబాయిలో ఒక హోటల్లో వంట పని చేసే సాలుంకే అనే కుర్రవాణ్ణి పట్టుకొచ్చి చీరె కట్టించాడు. హోటల్లో అతని జీతం నెలకు 10 రూపాయలు, ఫాల్కే 15 ఇస్తానన్నాడని చెప్తారు. అదే సాలుంకే 1917లో లంకాదహనం సినిమాలో రాముడి వేషమూ వేశాడు, సీత వేషమూ వేశాడు. అంటే ఏమిటి? వంటవాడు చీరె కడితే రాణి అవుతాడు, విల్లు పడితే దేవుడవుతాడు. నటన అంటే అంతే గదా. లేనిదాన్ని ఉన్నట్టు చూపడం.

ఆ 1917లోనే మన బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ గారి అధ్యక్షతన ఆది ఆంధ్రుల తొలి మహాసభ జరిగింది. పంచములు అని పిలవొద్దు, ఈ నేల మొదటి మనుషులం మేమే అని మనవాళ్ళు నిలబడి చెప్పారు. ఒక పక్క తెర మీద వంటవాడు రాముడవుతున్నాడు, ఇంకో పక్క మనం మనుషులం అని చెప్పుకోడానికి సభ పెట్టుకోవాల్సి వస్తోంది. రెండూ ఒకే ఏడాది. ఇది గుర్తు పెట్టుకోండి.

తెలుగువాళ్ళ సంగతికొద్దాం. బందరు వెంకయ్య గారు మద్రాసులో ఫోటో స్టూడియో పెట్టుకుని బతికినవాడు. దాన్ని తాకట్టు పెట్టి 1910 ప్రాంతంలో బొమ్మకు గ్రామఫోను పాట జతచేసే మిషను ఒకటి కొన్నాడు. ఊరూరూ తిప్పాడు, బర్మా, సింహళం కూడా పోయాడు. 1914లో మద్రాసులో గెయిటీ అనే సినిమా హాలు కట్టాడు. కొడుకు ప్రకాశ్‌ను సీమకు పంపి ఈ విద్య నేర్పించాడు. 1921లో తండ్రీ కొడుకులు భీష్మ ప్రతిజ్ఞ తీశారు. తెలుగువాళ్ళు తీసిన మొదటి కథాచిత్రం అదే. భీష్ముడు ప్రకాశే. గంగమ్మ వేషం వేసింది కాస్టెల్లో అనే ఆంగ్లో ఇండియన్ పిల్ల. పెద్దకులం ఆడవాళ్ళు రారు గనక దొరసాని రక్తం ఉన్న పిల్లయినా గంగాదేవి కావచ్చు. అభ్యంతరం లేదు. వెంకయ్య గారు చివరికి అప్పుల పాలయ్యి 1941లో పోయారు. ఆయన కష్టాన్ని మనం తక్కువ చెయ్యం.

ఇప్పుడు ఇద్దరు మనుషుల బతుకులు పక్కపక్కన పెట్టి చూపిస్తాం. ఇద్దరూ మూగ సినిమా చివరి రోజుల వాళ్ళే. ఇద్దరూ పల్లెబతుకు నుంచి వచ్చినవాళ్ళే. ఒకరు మన పక్క జిల్లా మనిషి. ఇంకొకరు దూరపు మనిషి, అయినా మన మనిషి.

మొదటాయన ఎల్.వి. ప్రసాద్. అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు. కొల్లేరు దాటితే ఏలూరు. ఆ ఏలూరు దగ్గర సోమవరప్పాడులో 1908లో వ్యవసాయ కుటుంబంలో పుట్టాడు. చదువు అబ్బలేదు. నాటకాల పిచ్చి, డేరాల్లో ఆడే మూగ సినిమాల పిచ్చి. ఇంట్లో అప్పులు. ఒకరోజు ఎవరికీ చెప్పకుండా జేబులో 100 రూపాయలు పెట్టుకుని బొంబాయి రైలెక్కాడు. హిందీ రాదు, ఇంగ్లీషు రాదు. వీనస్ ఫిల్ము కంపెనీలో చిల్లర పనులు చేసే కుర్రాడిగా చేరాడు. ఇంకో కంపెనీలో మూగ సినిమాలో చిన్న వేషం ఇచ్చారు. గుంపులో నిలబడే వేషం, వచ్చి పోయే వేషం. అట్లాంటి వేషాలు వేస్తూ వేస్తూ 1931లో ఆలం ఆరాలో కనపడ్డాడు. అదే ఏడాది కాళిదాసులో, మరుసటేడు, అంటే 1932లో, తెలుగు మొదటి టాకీ భక్త ప్రహ్లాదలో. మూడు భాషల తొలి టాకీల్లోనూ ఉన్న మనిషి ఆయన. అన్నింట్లోనూ చిన్న వేషాలే. తర్వాత డైరెక్టరయ్యాడు, స్టూడియో పెట్టాడు, 1982కు గాను ఫాల్కే అవార్డు అందుకున్నాడు. 1994లో పోయాడు.

ఆయన పడ్డ కష్టం నిజం. ఆకలి నిజం. దాన్ని ఎవరూ కాదనరు. అయితే ఒక్క మాట అడుగుతున్నాం. బొంబాయిలో గేటు దగ్గర "నీదే కులం" అని ఎవరైనా అడిగినా ఆయన దాచుకోవాల్సిన పని ఉందా? లేదు. తెర మీద ఎవరి వేషం వేసినా ఊళ్ళో తన ఇంటికి నిప్పు పెడతారన్న భయం ఉందా? లేదు. ఆయన దగ్గర 100 రూపాయలతో పాటు కనపడని పెట్టుబడి ఇంకొకటుంది. అది ఇంటిపేరు.

రెండో మనిషి పేరు రోజీ. పి.కె. రోజీ. పుట్టినప్పటి పేరు రాజమ్మ. 1903లో తిరువనంతపురంలో నందన్‌కోడు అనే చోట పులయ కుటుంబంలో పుట్టింది. పులయలంటే అక్కడి పొలాల్లో తరతరాలుగా వెట్టికి కట్టుబడిన జనం. మనకు మాల మాదిగలెట్లాగో వాళ్ళకు పులయలు అట్లాగ. ఆ తిరువాన్కూరులోనే 1893లో అయ్యంకాళి అనే పులయ వీరుడు ఎడ్లబండి కట్టుకుని, తలకు పాగా చుట్టి, పెద్దకులాలు నడిచే రోడ్డు మీద బండి తోలాడు. బండెక్కినందుకే కొట్లాటలయ్యాయి. పదేళ్ళ తర్వాత అదే నేల మీద రాజమ్మ పుట్టింది.

తండ్రి చిన్నప్పుడే పోయాడు. ఆ పిల్ల గడ్డి కోసి అమ్మేది. అక్కడ కక్కారిశ్శి నాటకం అని ఒకటుంది. శివపార్వతులు సోదె చెప్పే సంచార జాతి వాళ్ళ వేషంలో భూమ్మీదికి వచ్చే కథ. పాట, ఆట, ఎగతాళి అన్నీ ఉంటాయి. మన వీధి భాగోతానికి చుట్టం అనుకోండి. మగవాళ్ళే ఎక్కువగా ఆడే ఆ నాటకంలోకి రాజమ్మ దిగింది. గడ్డి కోసిన చేతులతోనే ముద్ర పట్టింది.

ఆ రోజుల్లో జె.సి. డేనియల్ అని ఒక పళ్ళ డాక్టరు, నాడార్ క్రైస్తవుడు, పొలం అమ్మి మలయాళంలో మొదటి సినిమా తియ్యడానికి పూనుకున్నాడు. పేరు విగతకుమారన్. అంటే తప్పిపోయిన కొడుకు. పురాణం కాదు, సంసారం కథ. హీరోయిన్ కోసం బొంబాయి నుంచి ఒక నటిని రప్పించాడు. ఆమె అడిగే సౌకర్యాలకు తూగలేక పంపించేశాడు. అప్పుడు ఈ కక్కారిశ్శి పిల్ల కనపడింది. వేషం ఏమిటి? సరోజిని అనే నాయరమ్మాయి. నాయర్లంటే అక్కడి భూస్వాములు.

రోజీ పొద్దున్నే అన్నం మూట కట్టుకుని షూటింగుకు వచ్చేదట. సాయంత్రం దాకా చేసి మళ్ళీ నాటకానికి పోయేదట. రోజు కూలి 5 రూపాయలని చెప్తారు. గడ్డి కోతకు పోయినట్టే సినిమాకు పోయింది. పని పనే గదా. ఆ పది రోజుల పనిలో తాను నేరం చేస్తున్నానని ఆమెకు తట్టి ఉండదు.

సినిమా తిరువనంతపురం క్యాపిటల్ హాల్లో ఆడింది. 1928 అని కొందరు, 1930 అని కొందరు రాశారు. మొదటి ఆటకు ఊరి పెద్దలొచ్చారు. ఆమె హాల్లో ఉంటే మేము కూర్చోం అన్నారు. కాబట్టి తన సినిమా తాను చూడకుండా హీరోయిన్ను బయట నిలబెట్టారు. లోపల బొమ్మ మొదలయింది. ఒక పులయ పిల్ల నాయరమ్మగా చీరె కట్టుకుని, నగలు పెట్టుకుని, మేడలో తిరుగుతోంది. హీరో ఆమె జడలోని పువ్వును ముద్దు పెట్టుకునే సీను వచ్చేసరికి హాలు భగ్గుమంది. తెర మీద రాళ్ళు పడ్డాయి. తెర చిరిగింది. రాళ్ళు అక్కడితో ఆగలేదు. ఆమె ఇల్లు తగలబెట్టారు. కారంచేడు 1985లో చూసినవాళ్ళం, చుండూరు 1991లో చూసినవాళ్ళం, ఆ మంట రంగు ఎట్లా ఉంటుందో మనకు ఎవరూ వర్ణించి చెప్పక్కర్లేదు.

ఆ రాత్రి ఆమె ఒక లారీ ఎక్కి ఊరొదిలింది. నాగర్‌కోయిల్ చేరింది. లారీ డ్రైవరు కేశవ పిళ్ళైని పెళ్ళి చేసుకుంది. అతను నాయరు. రాజమ్మాళ్ అన్న పేరుతో మిగతా బతుకు అక్కడే గడిపింది. నేను ఫలానా సినిమాలో వేశాను అని మళ్ళీ నోరెత్తి చెప్పలేదు.

కాస్త ఆగి ఆలోచించండి. తెర మీద గంటసేపు నాయరమ్మ వేషం వేసినందుకు రాళ్ళేసిన లోకంలో, ప్రాణం కాపాడుకోడానికి ఆమె బతుకంతా నాయరమ్మ వేషం వెయ్యాల్సి వచ్చింది. సినిమాలో నోరు లేదు సరే. బతుకులోనూ నోరు లేకుండా చేశారు. మాట రాని సినిమాలో ఎవరూ ఆమె యాస వినలేదు. తెల్లపూత కింద ఎవరూ ఆమె రంగు చూడలేదు. చదువు ఎవరూ అడగలేదు. నటన బాగోలేదని కూడా ఎవరూ అనలేదు. రాయి వేసినవాడికి తెలిసింది ఒక్కటే, ఆమె పుట్టిన పల్లె. వంటవాడు రాముడైతే దండం పెట్టిన జనమే, పులయ పిల్ల నాయరమ్మ అయితే రాయి తీశారు. మన పరీక్షకు జవాబు ఇదే. నోరు లేని సినిమాలోనూ కులానికి నోరుంది.

ఇంకో మాట. విగతకుమారన్ ఫిల్ము ఇప్పుడు లేదు. ఆనాటి ఫిల్ము నిప్పంటితే క్షణంలో పోయే సరుకు. అందుకే మూగ సినిమాలు చాలా మటుకు నాశనమైపోయాయి. అయితే ప్రసాద్ గారు వేసిన ఆలం ఆరా మాత్రం ఉందా? అదీ లేదు. ఒక్క ముక్క కూడా మిగల్లేదు. మరి ఆలం ఆరాలో చిన్న వేషం వేసిన ప్రసాద్ గారి పేరు మనకెట్లా తెలిసింది? ఆయన చెప్పుకున్నాడు, పత్రికలు రాసుకున్నాయి, తోటివాళ్ళు గుర్తుపెట్టుకున్నారు. రోజీ సినిమాకు హీరోయిన్. అయినా ఆమె పేరు కొన్ని దశాబ్దాల పాటు మాయమైంది. కనక పేర్లను చెరిపేది నిప్పూ కాదు, చెదలూ కాదు. ఎవరి పేరు రాసిపెట్టాలి, ఎవరిది అక్కర్లేదు అని నిర్ణయించే చెయ్యి ఒకటుంది. అది చెరుపుతుంది.

ఆ పేరును మళ్ళీ బయటికి తీసింది ఎవరు? కున్నుకుళి ఎస్. మణి లాంటి రచయితలు, దళిత కార్యకర్తలు ఏళ్ళ తరబడి రాసి రాసి బయటికి తీశారు. 2008లో ఆమె మీద మలయాళంలో నవల వచ్చింది. 2013లో కమల్ అనే డైరెక్టరు డేనియల్ కథ సినిమాగా తీస్తే అందులో ఆమె కథా వచ్చింది. 2019లో కేరళలో సినిమా ఆడవాళ్ళ సంఘం ఆమె పేరుతో ఫిల్ము సొసైటీ పెట్టింది. మద్రాసులో పా. రంజిత్ వాళ్ళ నీలం సంస్థ ఆమె పేరుతో ఫిల్ము ఉత్సవం జరుపుతోంది. 2023 ఫిబ్రవరి 10న, ఆమె 120వ పుట్టినరోజున, గూగుల్ తన మొదటి పేజీ మీద ఆమె బొమ్మ పెట్టింది. రాసిపెడితే ఇంత జరుగుతుంది.

ఇక్కడ ఒకరు అడగొచ్చు. అది మలయాళ దేశం గదా, మనకెందుకని. మన సంగతికే వస్తాం. సినిమాకు నోరొచ్చాక మన డెల్టాలో ఏమైందో చూడండి.

మన కృష్ణా జిల్లా నందమూరులో పుట్టిన గూడవల్లి రామబ్రహ్మం గారు 1938లో మాలపిల్ల తీశారు. కథ చలం గారిది, మాటలు తాపీ ధర్మారావు గారివి. తీసిన సారథి ఫిల్మ్స్‌కు పెట్టుబడి మన దివిసీమ చల్లపల్లి రాజావారిది. గుడి బయట నిలబెట్టిన జనం గురించి, మాలపిల్లకూ బ్రాహ్మల అబ్బాయికీ మధ్య ప్రేమ గురించి ఆ రోజుల్లో సినిమా తియ్యడమంటే చిన్న ధైర్యం కాదు. రామబ్రహ్మం గారికి ఆ గౌరవం ఇవ్వాల్సిందే, ఇస్తున్నాం.

అయితే మాలపిల్ల వేషం వేసింది ఆనాటి పేరుమోసిన తార కాంచనమాల. బాగానే వేసింది. జనం ఎగబడి చూశారు. రోజీ సినిమాతో పోల్చండి. పెద్దింటి పాత్రను మన పిల్ల వేస్తే రాళ్ళు. మన పాత్రను పేరున్న తార వేస్తే చప్పట్లు. ఇటు నుంచి అటు పోవడానికి గేటు మూత, అటు నుంచి ఇటు రావడానికి గేటు బార్లా. జమీందారు డబ్బు, పండితుల మాటలు, తార మొహం, పల్లె కన్నీళ్ళు. నాలుగింటిలో మనది ఏదో మీరే చెప్పండి.

నాటకంలోనూ ఇదే తంతు. హరిశ్చంద్ర నాటకం చూడనివాళ్ళు మనలో లేరు. కాటి సీను వచ్చిందంటే కునికేవాడు కూడా లేచి కూచుంటాడు. ఆ సీనులో పాడే శ్మశాన పద్యాలు గుర్రం జాషువా గారివి. మన కవివి. ఊరూరా ఆ పద్యాలకు వన్స్‌మోర్లు పడ్డాయి. పద్యాన్ని స్టేజీ మీదికి రానిచ్చారు. పద్యం రాసిన మనిషిని మాత్రం ఎన్నోచోట్ల గడప బయట నిలబెట్టారు. మన పాట కావాలి, మన ఏడుపు కావాలి, మన డప్పు చప్పుడు కావాలి. మనిషి మాత్రం అక్కర్లేదు. అసలు రోగం ఇదే.

ఈ రోగానికి మందు లేదా? ఉంది. మహారాష్ట్రలో నాగరాజ్ మంజులే అనే మన దళిత సోదరుడు 2013లో ఫండ్రీ అనే సినిమా తీశాడు. పందుల్ని పట్టే కుటుంబంలో పిల్లవాడి కథ. ఆ వేషానికి బొంబాయి నుంచి పిల్లల్ని తేలేదు. పల్లెటూళ్ళో హలగీ వాయించే సోమనాథ్ అవ్‌ఘడే అనే పిల్లవాణ్ణి చూసి వాణ్ణే పెట్టాడు. హలగీ అంటే ఎవరో కాదు, మన డప్పుకు అన్న. ఆ పిల్లవాడికి ఉత్తమ బాలనటుడిగా జాతీయ అవార్డు వచ్చింది. కెమెరా వెనక మన మనిషి నిలబడితే కెమెరా ముందు మన పిల్లవాడు నిలబడ్డాడు. రోజీకి దొరకనిది ఇదే. ఆమె కెమెరా ముందుకు వెళ్ళింది గానీ ఆమె వెనక నిలబడే జనం లేరు. రాళ్ళు పడ్డ రోజున ఆమెకు అడ్డం నిలబడే సంఘం లేదు.

కాబట్టి సోదరులారా, అక్కలారా, ఈ మీటింగు నుంచి కన్నీళ్ళు తుడుచుకుంటూ ఇంటికి పోవద్దు. ఒక పని పట్టుకుని పొండి. పెద్ద పని కాదు, డబ్బు పని కాదు.

ప్రతి పల్లెలో ఒక నోటు పుస్తకం పెట్టండి. మీ పల్లెలో ఆడినవాళ్ళు, పాడినవాళ్ళు, వాయించినవాళ్ళు, వేషం కట్టినవాళ్ళు ఎవరెవరో రాయండి. బతికున్నవాళ్ళను ముందు రాయండి. పోయినవాళ్ళ గురించి ముసలాళ్ళను అడిగి రాయండి. "ఫలానా వాడి పెళ్ళాం", "డప్పోడు" అని రాయొద్దు. అమ్మా నాన్నా పెట్టిన పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాయండి. ఏ ఊళ్ళో పుట్టారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ వేషాలు వేశారు, ఏ ఊళ్ళల్లో ఆడారు, ఎంత కూలిచ్చారు, ఎక్కడ అవమానించారు, అన్నీ రాయండి. ఆడవాళ్ళ పేర్లు వదలొద్దు. నాట్ల పాటలు పాడే మన అమ్మలు తమను కళాకారులనుకోరు. మీరు అనుకోండి, రాయండి.

ఇప్పుడు ప్రతి ఇంట్లో సెల్‌ఫోను ఉంది. రోజీ కదిలిన బొమ్మ ఒక్కటీ మిగల్లేదు. మన అవ్వలకు ఆ గతి పట్టకూడదు. వాళ్ళనడిగి, వాళ్ళు సరేనంటేనే, పాట రికార్డు చెయ్యండి, బొమ్మ తియ్యండి. తీసింది ఒక్క ఫోనులో ఉంచితే ఆ ఫోనుతో పాటే పోతుంది. రెండు మూడు చోట్ల భద్రం చెయ్యండి. నోటు పుస్తకంలో రాసింది మన పత్రికకు పంపండి. సంచికకు ఒక పల్లె చొప్పున వేద్దాం.

చదువుకున్న పిల్లలకు ఇంకో మాట. మీరు సినిమాల్లోకి పోతామంటే మేము వద్దనం. నటులు కండి. దానితో ఆగొద్దు. కెమెరా నేర్చుకోండి, కథ రాయడం నేర్చుకోండి, కత్తిరించడం నేర్చుకోండి. ఎవరిని తెర మీద నిలబెట్టాలో నిర్ణయించే కుర్చీలో మన పిల్ల కూచోవాలి. రాళ్ళు పడితే ఎదురు నిలబడే పని సంఘంది. ఆ పని మేము చూసుకుంటాం.

గుడివాడ తాలూకా పల్లెల నోటు పుస్తకాలు వచ్చే సమావేశానికి ఈ బల్ల మీదికి రావాలి. ఎన్ని వచ్చాయో ఈ మైకులోనే చదువుదాం.

జై భీమ్.